మా ప్రయోగశాల గురించి ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతి గారికి,

నేను మీ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతున్నాను. మూడు వినతిపత్రాలకు జవాబు రాలేదు కనుక అందరి ఎదుటా రాస్తున్నాను.

ఉల్లి వేరు కొనలో కణ విభజన చూడాలంటే వేళ్లను సమయానికి కోసి, రంగు పట్టించి, అద్దం మీద పలుచగా నొక్కి, ఓపికగా వెతకాలి. జన్యువులను మోసే దారాల్లాంటి క్రోమోజోములు కణం నడుమ వరుస కట్టిన దశ దొరికిన క్షణం మరపురానిది. మా 40 మందికి పనిచేసే మైక్రోస్కోపులు 5 మాత్రమే. వెనక నిలబడినవారికి ఆ క్షణం దక్కదు.

డీఎన్‌ఏను కత్తిరించే ఎంజైములను మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉంచాలి. మా ఫ్రీజరుకు జనరేటర్ లేదు. వేసవిలో రోజంతా కరెంటు పోయి అవి పాడయ్యాయి. నా స్నేహితురాలి ఆరు నెలల ప్రాజెక్టు వాటితోనే పోయింది. ఆమె కౌలు రైతు బిడ్డ. తప్పు తనదేనని ఇప్పటికీ బాధపడుతోంది, అది నన్ను ఎక్కువగా కలచివేస్తోంది.

చదువు కోసం ప్రయోగశాలల్లో జంతువులను కోసి చూడడాన్ని 2014లో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఆపించడం సరైనదే. బదులుగా కావలసిన కంప్యూటర్ నమూనాలు మాకింకా అందలేదు.

వచ్చే ప్రయోగ పరీక్షల లోపు ఫ్రీజరును జనరేటర్‌కు కలిపించండి, మైక్రోస్కోపులు బాగుచేయించండి. మేము కట్టిన ప్రయోగశాల రుసుము ఖర్చు వివరాలను నోటీసు బోర్డులో పెట్టించండి. దయచేసి ఒక మధ్యాహ్నం మా ప్రయోగశాలకు రండి.

విధేయురాలు,
ఒక విద్యార్థిని