చిన్నిని బడిల వేసేముందు

హన్మకొండ

బిడ్డా శిరీషా,

మంచిగున్నవా? అమ్మ మోకాళ్ల నొప్పులు ఎప్పటిలెక్కనే. ఫోన్ చేస్తే ఎత్తుతలేవు, పనిల ఉన్నవనుకుంటున్న. చిన్నికి దగ్గు తగ్గిందా? మిరియాల పాలు తాగిపియ్.

పెద్దమ్మ చెప్పింది, చిన్నిని ఆ కొత్త ఇంటర్నేషనల్ బడిల ఒకటో తరగతికి వేస్తున్నరట. నిజమేనా? వద్దనుడు నా ఉద్దేశం కాదు. కానీ గేటు మీద 'సీబీఎస్ఈ సిలబస్' అని రాసుకున్నంత మాత్రాన బోర్డు అనుబంధం ఉన్నట్టు కాదు. ఉంటే నంబరుంటది, బోర్డు వెబ్‌సైట్‌ల చూడొచ్చు. అంతకంటె ముందు సర్కారు గుర్తింపు ఉండాలె. 2009 విద్యాహక్కు చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఆ గుర్తింపు పత్రం లేనిది బడి నడపొద్దు. నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపకపోతే రోజుకు 10 వేల దాకా. అయినా నడుపుతనే ఉన్నరు.

నర్సంపేటల మీ చిన్నాయన కొడుకు రాజు సంగతి నీకు సగమే తెలుసు. వాని బడికి గుర్తింపే లేదు. పదో తరగతి హాల్ టికెట్ వచ్చినప్పుడు చూస్తే, వాడు ఒక్కనాడు కూడ పోని బడి పేరుంది. సారేమో 'ఏం కాదు, అందరికీ ఇట్లనే' అన్నడు. పాసైండు, అందరం మర్చిపోయినం. మొన్న సర్కారు కొలువుకు పెట్టుకుంటే ఒకటి నుంచి ఏడు దాకా బోనఫైడ్‌లు, అంటే ఆ బడిల చదివినట్టు పత్రాలు, తెమ్మన్నరు. తెలంగాణ సర్కారు కొలువుల మీద వచ్చిన 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఆ ఏడేండ్లల్ల ఎక్కువేండ్లు ఎక్కడ చదివితే ఆ జిల్లానే లోకల్. చిన్నాయన బడికి పోతే, అక్కడ ఫంక్షన్ హాల్ కట్టిండ్రు. రిజిస్టర్లు ఎవల దగ్గర ఉన్నయో చెప్పేటోడు లేడు. బోనఫైడ్‌లకు బదులు నివాస పత్రం కోసం తహసీల్ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి పోరడు చిక్కిపోయిండు. చిన్నికి ఆ ఏడేండ్లు ఇప్పుడే మొదలైతున్నయ్ బిడ్డా.

అందుకే డొనేషన్ కట్టకముందు గుర్తింపు పత్రం చూపియ్యమను. ఎన్నో తరగతి దాకా, ఏ ఏడాది దాకా ఉందో చదువు. ప్రతి బడికి సర్కారు ఇచ్చే 11 అంకెల నంబరు, యూడైస్ కోడ్, అడుగు. రశీదు మీది పేరు, పత్రం మీది పేరు ఒక్కటే ఉండాలె. నాక్ గ్రేడ్ ఉందని చెప్తే నమ్మకు, నాక్ చూసేది కాలేజీలను, బడులను కాదు. అల్లునికి కూడ చెప్పు, ఏసీ క్లాసులు చూసి సంతకం పెట్టొద్దని.

నువ్వు ఫోన్ ఎత్తకపోతే నేనే పొద్దున రైలెక్కి వస్త. మంచి బడిల ఫీజు ఎక్కువైతే మక్కలమ్మిన పైసలున్నయ్, అడగడానికి మొహమాటపడకు.

మీ బాపు