నాలుగూ ఒకే గూట్లో పడుకున్నాయి

నిన్నటికి సరిగ్గా రెండు వారాలు. సున్నుండ, అరిసె, జంతిక, పకోడి. మా నాలుగు గినీ పిగ్స్ ఒకే గూట్లో, ఒకే గడ్డికుప్ప చుట్టూ చేరి తింటున్నాయి. ఇది నా ఒక్కదాని వల్ల అయిన పని కాదు, అందుకే ఈ పోస్టు.

సున్నుండ, అరిసె మూడేళ్లుగా మా ఇంట్లోనే ఉన్నాయి. రెండూ ఆడవి. సంక్రాంతి సెలవుల్లో మా పాప పోరు పడలేక ఇంకో రెండు పిల్లల్ని తెచ్చాం. అమ్మినాయన "రెండూ ఆడవేనమ్మా, గ్యారంటీ" అన్నాడు. ఆ సాయంత్రమే నాలుగింటినీ కలిపేద్దామనుకున్నా. లిఫ్టులో మా చేతిలో అట్టపెట్టె చూసి మూడో అంతస్తు అక్క అడక్కపోయి ఉంటే కలిపేసేదాన్నే. "ముందు డాక్టరుకి చూపించు. రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచు. వాటిని ముట్టుకుంటే చేతులు కడుక్కున్నాకే పాతవాటి దగ్గరికి వెళ్లు" అంది.

డాక్టరు గారు రెండు నిమిషాల్లో తేల్చేశారు. జంతిక ఆడది, పకోడి మగవాడు! పైగా ఇద్దరికీ చర్మంలో పురుగులు. ఆ రోజే కలిపి ఉంటే అవి నాలుగింటికీ అంటుకునేవి, పిల్లల గొడవ వేరే. గినీ పిగ్స్‌లో మగపిల్లని మూడు వారాల వయసుకే తల్లి దగ్గర నుంచి తీసేయాలట, ఆడది నెల దాటితే కడుపుతో ఉండొచ్చట. గర్భం 59 నుంచి 72 రోజులు. అందుకని ఇద్దరి మధ్యా ఇనుప జాలీ పెట్టి, జంతికని వారం వారం వంటింటి త్రాసు మీద తూచుకుంటూ మార్చి చివరిదాకా టెన్షన్‌తో గడిపాం. అదృష్టం, ఏమీ లేదు. పకోడికి ఆపరేషన్ అయ్యాక కూడా ఆరు వారాలు ఆడవాటితో కలపొద్దన్నారు. ఆ మాట ముందే చెప్పినందుకు డాక్టరు గారికి దణ్ణం పెట్టాలి.

ఇక అసలు రోజు, ఏప్రిల్‌లో ఓ ఆదివారం. మా ఇంట్లో ప్రతి మూలా సున్నుండ, అరిసెలదే, కొత్తవాళ్లు అడుగుపెడితే ఊరుకోవు. అక్క తన హాలు ఖాళీ చేసి ఇచ్చింది. బయట ఎండ మండిపోతోంది, ఇవేమో 27, 28 డిగ్రీలు దాటితేనే తట్టుకోలేవు. పొద్దున్నే ఏసీ వేసి, పాత దుప్పట్లు పరిచి, అయిదు చోట్ల గడ్డి, మధ్యలో కొత్తిమీర, క్యాప్సికమ్ ముక్కలు పెట్టింది. నేను తీసుకెళ్లిన చెక్క ఇల్లు మాత్రం బయట పెట్టించింది. ఒకే గుమ్మం ఉంటే లోపల ఇరుక్కున్నది తప్పించుకోలేదట. దాని బదులు రెండు వైపులా తెరిచిన అట్టపెట్టెలు పెట్టింది.

వదిలిన అయిదు నిమిషాలకే నా గుండె జారిపోయింది. సున్నుండ నడుము ఊపుకుంటూ గుర్‌గుర్ మంటూ తిరగడం, పళ్లు టకటకలాడించడం, జంతిక మీదికెక్కడం! నేను లేవబోయిన ప్రతిసారీ అక్క నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఎవరు పెద్దో తేల్చుకుంటున్నాయి. తేలకముందే విడదీస్తే రేపు మళ్లీ మొదటికొస్తాయి. రెండూ ఉండలా చుట్టుకుని దొర్లినా, రక్తం కారినా అప్పుడు లేద్దాం." ఆ మూడు గంటలూ చేతులు కట్టుకుని కూర్చోవడం నా వల్ల ఎలా అయిందో నాకే తెలియదు. ఒక్కసారే, అరిసె, పకోడి ముక్కూ ముక్కూ ఎత్తి నిలబడి మీదికి ఉరికినప్పుడు, అక్క మధ్యలో చేట అడ్డం పెట్టింది. చెయ్యి పెడితే చెయ్యే కొరుకుతాయట. పకోడి చెవికి చిన్న గాటు పడింది. నేను కంగారుగా ఇంట్లో ఉన్న అమాక్సిసిలిన్ వేద్దామన్నా. డాక్టరు గారు ఫోన్‌లోనే గట్టిగా వద్దన్నారు. అది నోట్లో వేస్తే వీటి పేగులు దెబ్బతిని ప్రాణం మీదికొస్తుందట. ఉప్పునీళ్లతో తుడిస్తే చాలింది.

సాయంత్రానికి నాలుగూ తలో దిక్కున కాళ్లు చాపి పడుకున్నాయి. వాటిని పాత గూటికి తేలేదు. అల్యూమినియం పని చేసే మా తమ్ముడు, వద్దన్నా డబ్బు తీసుకోకుండా, ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు కొత్తది చేసిపెట్టాడు. రెండు గిన్నెలు, రెండు నీళ్ల సీసాలు కూడా బిగించాడు. పొద్దున్నే మందు కొట్టని చోటు వెతికి గరిక కోసుకొస్తున్న వాచ్‌మన్ భార్యకి ఏమిచ్చి తీర్చుకోను? పకోడి ఆమె గొంతు వింటే చాలు, కువ్వీ కువ్వీ అని ఇల్లు ఎగరగొడతాడు.

అక్కా, నీ చేట ఇంకా మా ఇంట్లోనే ఉంది. అంచు కొంచెం కొరికారు. ఆదివారం కొత్తది పట్టుకొస్తా.