ఇంటి ముందు ర్యాంపు ఉంటే మా చేతి డాలీ కొనకండి

నమస్కారం అండీ. విజయవాడ ఆటోనగర్‌లో మా వర్క్‌షాపులో బోటు ట్రైలర్లు, వాటిని ఇంటి ఆవరణలో అటూ ఇటూ జరుపుకునే డాలీలు చేయించుకున్నవాళ్ళ కోసం, చేయించుకుందామని ఫోన్లు చేస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. వానాకాలం దగ్గర పడింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండోది. వరద మాట వినిపించగానే నదిలో షికారు ఆగిపోతుంది, ఘాట్ల దగ్గరున్న చిన్న బోట్లన్నీ ఒక్కసారే ఇళ్ళకి బయల్దేరతాయి. ఆ వారం మాకు ఊపిరాడదు. ఆ హడావుడిలో చెప్పలేని మాటలు ఇప్పుడే చెబుతున్నాను.

ఇదివరకు మా దగ్గరకి వచ్చేది బోట్లతో పని చేసేవాళ్ళే. భవానీపురం, సీతానగరం వైపు వాళ్ళు, కైకలూరు చేపల చెరువుల రైతులు, సూర్యలంక నుంచి కొందరు. 2024 సెప్టెంబరు తర్వాత కొత్త రకం కస్టమర్లు వస్తున్నారు. ఆ వరదలో బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది, కొట్టుకొచ్చిన బోట్లు గేట్ల కౌంటర్ వెయిట్లను గుద్దాయి, అవే రోజుల్లో ఇటు బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. అది చూశాక సేవా సంఘాల వాళ్ళు, కొన్ని అపార్ట్‌మెంట్ల వాళ్ళు ఒక ఫైబర్ బోటు కొని పెట్టుకుంటున్నారు. మంచిదే. కానీ ఆ బోటు ఏడాదంతా స్టిల్ట్ పార్కింగ్‌లో ఓ మూల ఉంటుంది, దాన్ని జరపాల్సింది వాచ్‌మన్. అతనికి ట్రైలర్ అంటే ఏమిటో ఎవరూ చెప్పరు.

చేతి డాలీ చాలా సాదా వస్తువు. రెండు గాలి చక్రాలు, ఇరుసు, ఇరుసుకి కొంచెం ముందు ట్రైలర్ కప్లర్ (బండికి తగిలించే ముందు కొస) కూర్చునే 50 మిల్లీమీటర్ల బాల్, వెనక పొడుగాటి హ్యాండిల్. హ్యాండిల్ కిందికి నొక్కితే ట్రైలర్ ముక్కు పైకి లేస్తుంది. బాల్ ఇరుసుకి అరడుగు ముందు, హ్యాండిల్ నాలుగడుగులు వెనక ఉంటే 80 కిలోల ముక్కు బరువుని, అంటే కప్లర్ దగ్గర కిందికి పడే బరువుని, 10 కిలోల ఒత్తిడితో లేపొచ్చు. అందుకే చూసినవాళ్ళకి ముచ్చటేస్తుంది, ఇంత తేలిగ్గా లేచింది కదా, అంతే తేలిగ్గా ర్యాంపు కూడా ఎక్కుతుందనుకుంటారు. లేపడం వేరు, లాగడం వేరు. పైగా దానికి బ్రేకు లేదు.

పదహారడుగుల ఫైబర్ బోటు, 40 హార్స్‌పవర్ మోటారు, ట్రైలర్ అన్నీ కలిపి 800 కిలోలు అనుకోండి. నున్నటి సిమెంటు నేల మీద, టైర్లలో గాలి సరిగ్గా ఉంటే, కదిలాక 15, 20 కిలోల బలం సరిపోతుంది. కదిలించేటప్పుడు కొంచెం ఎక్కువ. కంకర మీదైతే ఇది రెండు మూడింతలు. ఇక వాలు సంగతి. పదడుగుల పొడవులో ఒక్క అడుగు లేచిన నేల మీద ఈ 800 కిలోల బండి 80 కిలోల బలంతో కిందికి గుంజుతుంది. మన ఊళ్ళో ర్యాంపులు అంత మెత్తగా ఎక్కడున్నాయి? రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెరుగుతుందని ఇల్లు ముందే లేపి కడతాం. వరద తర్వాత ఇంకాస్త లేపుతున్నాం. స్థలం లేక ఎనిమిదడుగుల్లోనే రెండడుగులు ఎక్కించేస్తాం. ఆ వాలు మీద గుంజుడు దాదాపు 200 కిలోలు. ఎక్కించేటప్పుడు పదిమంది పట్టి తోస్తారేమో గానీ, దించేటప్పుడు హ్యాండిల్ దగ్గర నిలబడేది ఇద్దరే.

గుణదలలో ఒక ఇంట్లో ఇలాగే దించుతుంటే ట్రైలర్ చేతుల్లోంచి జారి గేటుకి తగిలి ఆగింది. గేటు వంగింది, మనుషులకి ఏమీ కాలేదు. డాలీ విరగలేదు, వెల్డింగ్ ఊడలేదు. వస్తువు బాగానే ఉంది, వాడిన చోటే దానికి తగింది కాదు. అందుకే ఇప్పటినుంచి ర్యాంపు కొలత చూడకుండా చేతి డాలీ ఇవ్వం. పదడుగులకి మూడంగుళాల కంటే ఎక్కువ వాలు ఉంటే, ఆ వాలు మీద వాడడానికి ఆర్డరు తీసుకోం. ఈ మాటతో కొంత అమ్మకం పోతుందని తెలుసు.

చాలామంది వెంటనే అడిగేది: సరే, మోటారు డాలీ ఇవ్వండి. ఇందులో నాకు లాభం ఎక్కువ, కాబట్టి నా మాట జాగ్రత్తగా వినండి. మోటారు ఎంత పెద్దదైనా డాలీ లాగగలిగేది దాని చక్రాలకి నేల మీద పట్టు ఉన్నంతే. ఆ పట్టు డాలీ మీద పడే బరువుని బట్టి ఉంటుంది, మొత్తం బోటు బరువుని బట్టి కాదు. ముక్కు బరువు 80 కిలోలు, డాలీ సొంత బరువు 60 కిలోలు అనుకుంటే కలిపి 140. పొడి సిమెంటు మీద అందులో అరవై శాతం పట్టు దొరికిందనుకున్నా 84 కిలోల లాగుడు వస్తుంది. పదికి ఒకటి వాలుకే 80, నేల మీద దొర్లించడానికి ఇంకో 16 కావాలి. అంటే చక్రాలు అక్కడే తిరుగుతుంటాయి, బండి కదలదు. వాన పడి నాచు పట్టిన ర్యాంపు అయితే ఇక చెప్పక్కర్లేదు. ఇరవైకి ఒకటి వాలు వరకు మోటారు డాలీ పని చేస్తుంది. అంతకు మించితే నేను కాదు, ఎవరు చేసినా అంతే.

ఈ-రిక్షా మోటారు, డిఫరెన్షియల్ పెట్టి చవగ్గా చేయమని అడుగుతున్నారు. అది రోడ్డు మీద పరిగెత్తడానికి చేసింది, మనకి కావలసింది నత్తనడక. స్విచ్ వదలగానే వాలు మీద వెనక్కి దొర్లుతుంది కూడా. మేం వాడే వార్మ్ గేర్ బాక్స్ ఎక్కువ రేషియోది. మోటారు వైపు నుంచి తిప్పితే తిరుగుతుంది, చక్రం వైపు నుంచి తిప్పితే తిరగదు. ధర తేడా అక్కడే ఉంది.

మరి ర్యాంపు ఉన్నవాళ్ళు ఏం చేయాలి? వించ్ పెట్టుకోండి, అంటే హ్యాండిల్ తిప్పి తాడు చుడుతూ బరువు లాగే సాధనం. పోర్టికో లోపలి చివర నేలలో ఒక యాంకర్ ప్లేటు, దానికి బ్రేకు ఉన్న చేతి వించ్. హ్యాండిల్ వదిలేసినా బరువు అక్కడే నిలబడే రకం తీసుకోండి, పళ్ళ చక్రం మీద పిల్లి (చక్రం వెనక్కి తిరగకుండా పళ్ళలో పడే కొక్కెం) వేసే మామూలు రకం వద్దు. బరువు మీద ఉండగా పిల్లి తీస్తే హ్యాండిల్ గిర్రున తిరిగి చెయ్యి విరగ్గొడుతుంది. 200 కిలోల గుంజుడుకి 1,000 కిలోల పైన రేటింగ్ ఉన్నది చాలు. యాంకర్ బోల్టులు కాంక్రీటులో దిగాలి. పార్కింగ్ టైల్స్ కింద ఇసుక, మట్టి ఉన్న చోట బిగిస్తే టైలుతో సహా ఊడి వస్తుంది. పోర్టికో స్తంభానికి గొలుసు చుట్టేద్దామనే ఆలోచన కూడా వద్దు. వైరు తాడు ట్రైలర్ ఫ్రేముకి కట్టాలి, బోటు ముందున్న కొక్కేనికి కాదు. లాగుతున్నప్పుడు తాడుకి ఎదురుగా, ట్రైలర్‌కి దిగువన ఎవరూ నిలబడకూడదు. పిల్లల్ని ఇంట్లోకి పంపేయండి, వాళ్ళకి ఇదంతా తమాషా.

ర్యాంపు మీద వించ్, పైన చదునులో చేతి డాలీ. ఈ రెండూ కలిపినా మా మోటారు డాలీ ధరలో సగం కాదు. వించ్ మేం తయారు చేయం, ఏలూరు రోడ్డులోనో ఇంకెక్కడో మీరే కొనుక్కోవచ్చు. బిగించడానికి మా కుర్రాళ్ళు వస్తారు. ఒక జాగ్రత్త: ముక్కు ముందుగా ఎక్కించిన బోటు దిగేటప్పుడు వెనక భాగం ముందు వస్తుంది. ర్యాంపు రోడ్డుని కలిసే చోట మోటారు అడుగు రెక్క నేలకి గీసుకుంటుంది. మోటారు పైకి వంచి, కర్రతో కాదు, దాని లాకుతోనే ఆపండి.

స్టిల్ట్ పార్కింగ్ వాళ్ళకి మాత్రం చేతి డాలీయే సరైనది, కారుతో కుస్తీ పట్టనక్కర్లేదు. స్తంభాల మధ్య కారుతో రివర్స్ చేసినదానికంటే తేలిగ్గా డాలీతో ట్రైలర్‌ని దాని ఇరుసు మీదే తిప్పొచ్చు. ఇరుసు నుంచి కప్లర్ చివరిదాకా ఎంతుందో, ఇరుసు నుంచి మోటారు చివరిదాకా ఎంతుందో కొలిచి, నేల మీద సుద్దతో రెండు వంపులు గీసి చూసుకోండి. జనం కప్లర్ వైపే చూస్తారు, వెనక ప్రొపెల్లర్ వెళ్ళి స్తంభానికి గీసుకుంటుంది. రెండు ఇరుసుల ట్రైలర్ ఉన్నవాళ్ళు దయచేసి ఫోను చేయకండి. అది అక్కడే తిరగదు, నాలుగు టైర్లు నేలని రుద్దుతాయి, టైల్స్ లేచిపోతాయి.

ఆర్డరుకి ముందు ముక్కు బరువు తెలియాలి. మొత్తం బరువులో పదో వంతు అటూ ఇటూ ఉంటే బాగు. ఇంట్లో బరువు చూసుకునే మెషీన్ అంత మోయలేదనిపిస్తే ఒక గట్టి పలక తీసుకోండి. ఒక చివర ఇటుక మీద, రెండో చివర మెషీన్ మీద, పలక సమంగా ఉండేలా పెట్టండి. కప్లర్‌ని ఇటుక నుంచి మూడో వంతు దూరంలో ఆనించి, మెషీన్ చూపించినదాన్ని మూడుతో హెచ్చించండి. మరీ తక్కువ వస్తే ఇంకా ప్రమాదం. ఎవరో వెనక బోటులోకి ఎక్కగానే ముక్కు డాలీతో సహా గాల్లోకి లేస్తుంది. లంగరు, బ్యాటరీ ముందుకి జరిపితే చాలాసార్లు సరిపోతుంది. వాన నీళ్ళు కూడా చూసుకోండి. అడుగున వంద లీటర్లు నిలిస్తే వంద కిలోలే. ఇంట్లో ఉన్నంతకాలం అడుగు బిరడా తీసి ఉంచండి, నదిలో దించేముందు మరిచిపోకుండా పెట్టండి. (తాళం చెవికే కట్టుకోమని చెబుతుంటాను.)

చక్రాలకి ఆటో టైరు, 4.00-8 సైజుదే వేస్తున్నాం. ఏ సందులో పంక్చరు షాపుకెళ్ళినా ట్యూబు దొరుకుతుంది. గట్టి రబ్బరు చక్రాలు అడిగేవాళ్ళున్నారు, పంక్చరు ఉండదని. నున్నటి గచ్చు మీద పరవాలేదు, మట్టిలో దిగబడిపోతాయి. డాలీని రోడ్డు మీద బండి వెనక కట్టుకుని లాగొద్దు, అది ఆవరణ దాటి పోయే వస్తువు కాదు.

ధరలు: చేతి డాలీ పెయింటుతో 14,500, గాల్వనైజింగ్‌తో 17,000. మోటారు డాలీ 78,000, బ్యాటరీలతో కలిపి. జీఎస్టీ వేరు. సముద్రం వైపు వాళ్ళు పెయింటుది తీసుకోవద్దు, ఉప్పుగాలికి వెల్డింగ్ దగ్గరే ముందు తుప్పు మొదలవుతుంది. గాల్వనైజింగ్ బయట చేయిస్తాం, అక్కడ వాళ్ళ వరస వచ్చేదాకా ఆగాలి, కాబట్టి దానికి తేదీ చెప్పను. పెయింటుది పది రోజుల్లో ఇస్తాం. ఆగస్టులో హెచ్చరిక వచ్చాక ఫోను చేసి రేపటికి కావాలంటే మాత్రం కుదరదు.

వాట్సాప్‌లో నాలుగు పంపండి చాలు: ర్యాంపు పొడవు, ఎత్తు, ముక్కు బరువు, ట్రైలర్ పక్క నుంచి తీసిన ఫోటో. ఆదివారం షాపు మూత, ఫోటోలు సోమవారం పొద్దున చూస్తాను.