స్టెంట్ ధర ఒక్కటే చూడకండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నేను ఎండోస్కోపీ గదిలో పనిచేసే డాక్టర్ని. క్యాన్సర్ గడ్డ పైత్యరస నాళాన్ని నొక్కేస్తే కళ్లు పచ్చబడతాయి. ఒళ్లంతా దురద, రాత్రంతా జాగారమే. ఈఆర్‌సీపీ చేసి, అంటే నోటి ద్వారా ఎండోస్కోపు పంపి, నాళంలో స్టెంట్ అనే చిన్న గొట్టం పెడితే పైత్యం దిగుతుంది, మనిషి కాస్త నిద్రపోతాడు. కానీ ఆ స్టెంట్ ప్లాస్టిక్‌దా, లోహపుదా అన్నది చాలాసార్లు రోగాన్ని బట్టి కాక, కొనుగోలు జాబితాలోని ధరను బట్టి తేలిపోతోంది.

మామూలుగా వాడే 10 ఫ్రెంచ్ సైజు ప్లాస్టిక్ గొట్టం మందమే 3.3 మిల్లీమీటర్లు, లోపలి దారి ఇంకా సన్నం. బాక్టీరియా, పైత్యపు మడ్డి పేరుకుని కొన్ని నెలల్లోనే పూడిపోతుంది. లోహపు స్టెంట్ లోపలికెళ్లాక 10 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. 1992లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో మధ్యస్థ లెక్కన ప్లాస్టిక్‌ది 126 రోజులు, లోహపుది 273 రోజులు పనిచేశాయి. పూడిన రోజు రోగి చలిజ్వరంతో వణుకుతూ వస్తాడు. మళ్లీ చేరిక, యాంటీబయాటిక్స్, మరో ఈఆర్‌సీపీ. కీమో వాయిదా. ఈ ఖర్చేదీ స్టెంట్ పద్దులో కనిపించదు, అందుకే ప్లాస్టిక్ చవకగా కనిపిస్తుంది.

అలాగని అందరికీ లోహమే పెట్టమని జీవో ఇస్తే అదీ తప్పే. లోహపు స్టెంట్ జాలీలా ఉంటుంది; దాని మీద పొర లేకపోతే నాళపు గోడలోకి దిగబడిపోతుంది, తర్వాత తీయలేం. బయాప్సీ తేలకుండా అది పెట్టాక, క్యాన్సర్ కాదని తెలిస్తే? పొర ఉన్నది తీయొచ్చు గానీ జారిపోతుంటుంది. కాలేయం ముఖద్వారం దగ్గరి గడ్డలకైతే ముందు ఎమ్ఆర్‌సీపీ (పైత్య నాళాల ఎమ్ఆర్ఐ స్కాన్) చూసి, నాళంలో ఏ కొమ్మ తెరవాలో నిర్ణయించుకోవాలి. అక్కడ పొర ఉన్న స్టెంట్ పక్క కొమ్మలను మూసేస్తుంది. త్వరలోనే ఆపరేషన్ ఉన్నవారిలో చాలామందికి అసలు స్టెంటే వద్దు. క్లోమపు తల క్యాన్సర్ రోగుల మీద 2010లో వచ్చిన అధ్యయనంలో నేరుగా ఆపరేషన్‌కి వెళ్లినవారిలో 39 శాతం మందికి తీవ్ర ఇబ్బందులొస్తే, ముందు స్టెంట్ వేయించుకున్నవారిలో 74 శాతం మందికి వచ్చాయి. ఇన్‌ఫెక్షనో, భరించలేని దురదో, ఆపరేషన్‌కి ముందు కీమోనో ఉంటే సంగతి వేరు.

అందుకే అడిగేది ఇంతే. రెండు రకాలకూ డబ్బు మంజూరు చేయండి, ఎందుకు ఎంచుకున్నామో కేసు షీటులో రాయించండి, ఆర్నెల్ల మొత్తం ఖర్చును లెక్కలోకి తీసుకోండి. కొనుగోలు కమిటీ ఈసారి కూర్చున్నప్పుడు ఒక ఎండోస్కోపీ డాక్టర్నీ, ఒక నర్సునూ పిలవండి. చలిజ్వరంతో తిరిగొచ్చినవాళ్ల చేరికల రిజిస్టర్ మేమే పట్టుకొస్తాం.

ఇట్లు,
ఒక ఎండోస్కోపీ డాక్టర్