తీరం చూపించేవాళ్ళకి శిక్షణ ఇవ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను రిటైరైన సైన్స్ మాస్టారిని. ఖాళీ శంఖంలో దూరి కాపురం పెట్టే సన్యాసి పీత గురించి ముప్ఫై ఏళ్ళు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను కానీ, దాన్ని కళ్ళారా చూసిన పాపాన పోలేదు. చివరికి మొన్న జనవరిలో ఒక ఆదివారం చూశాను. ఎక్కడో కాదు, మా ఇంటికి ఆటోలో పది నిమిషాల దూరంలో, విశాఖ జోడుగుళ్ళపాలెం తీరంలో, రాళ్ళ మధ్య!

చూపించింది ఒక మత్స్యకార కుర్రాడు. నీరు వెనక్కి తగ్గే వేళ చూసుకుని మమ్మల్ని ఓ పదిమందిని తీసుకెళ్ళాడు. పళ్ళెం అంత రాయి ఒకటి మెల్లగా ఎత్తి పట్టుకుంటే అడుగున గోరంత పీతలు, నత్తలు కనిపించాయి. అందరం చూశాక, రాయి ముందు ఎలా ఉందో అలాగే బోర్లించాడు. ఎందుకని అడిగితే, "ఎండ తగిల్తే సచ్చిపోతాయండి మాస్టారూ, రాయి అడుగే ఆటి ఇల్లు" అన్నాడు. పాఠం అంటే అదీ.

రెండు వారాల తర్వాత భీమిలిలో, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఇంకో గైడుని చూశాను. మనిషికి ఇంత అని డబ్బు తీసుకుని నలుగురు కెమెరాల వాళ్ళని తెచ్చాడు. ఇసుక తిన్నె మీద గల్ పక్షులు బారుగా కూర్చుని ఉన్నాయి. అన్నీ ఒక్కసారి లేస్తే ఫొటో బాగుంటుందని ఆయన చప్పట్లు కొడుతూ వాటి మీదికి పరిగెత్తాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. పక్షి పేరేమిటని అడిగితే "సీగల్ సార్" అన్నాడు. అవి గోధుమ తల గల్ పక్షులు. చలికాలంలో తల తెల్లబడి, కంటి వెనక నల్ల చుక్క ఒకటి మిగులుతుంది. లదాఖ్, టిబెట్ వైపు సరస్సుల్లో పిల్లల్ని పెంచి, చలికి మన తీరానికి దిగుతాయి. అంత దూరం ఎగిరొచ్చిన పక్షిని ఊరికే లేపితే దాని ఒంట్లో దాచుకున్న కొవ్వే ఖర్చవుతుంది. తిరుగు ప్రయాణానికి కావలసింది ఆ కొవ్వే.

ఈ ఇద్దరినీ మనం గైడు అనే పిలుస్తున్నాం. నా బాధ అదే. ఆటో నడపాలంటే లైసెన్సు కావాలి గానీ, తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుకలోకి రాత్రిపూట జనాన్ని తోలుకెళ్ళడానికి ధైర్యం ఉంటే చాలు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన తీరానికి వస్తాయి. ఒడ్డెక్కే తల్లి కళ్ళల్లో సెల్‌ఫోన్ లైటు కొడితే గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోవచ్చు. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్లలు వెలుతురు ఉన్న వైపుకే పాకుతాయి కాబట్టి, సముద్రంలోకి పోవలసినవి లైట్లు చూసి రోడ్డెక్కుతాయి. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల సంగతి మరీ ఘోరం. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాకి ఎక్కాయని సంబరపడ్డాం. వెళ్ళి చూస్తే, ఆ మెత్తటి ఎర్రమట్టి గోడ మీద ప్రేమికుల పేర్లు. వద్దని చెప్పే మనిషి ఆ పూట అక్కడ ఒక్కడూ లేడు.

అటవీ శాఖ, పర్యాటక శాఖ కలిసి తీరంలో తిప్పే గైడ్లకి శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, గుర్తింపు కార్డు ఇవ్వాలి. నేర్పేవాళ్ళకి కరువు లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రమూ ఇక్కడే ఉంది. మొదటి అవకాశం మాత్రం మత్స్యకార కుటుంబాల పిల్లలకివ్వాలి. గాలి ఎటు తిరిగిందో, నీరు ఎప్పుడు తీస్తుందో వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఒడిశాలో చిలికా ఒడ్డున మంగళాజోడి అనే ఊరుంది. ఒకప్పుడు పక్షుల్ని వేటాడి అమ్ముకున్నవాళ్ళే ఇప్పుడు పడవల్లో జనాన్ని తిప్పి అవే పక్షుల్ని చూపించి బతుకుతున్నారు.

సముద్రంలో చేపల వేట నిషేధం ఉన్న రోజుల్లో ఈ గైడు పని మత్స్యకారులకి ఆదాయం అవుతుందని కొందరు అంటున్నారు. పూర్తిగా నిజం కాదు. నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. వలస పక్షులు చాలావరకు అప్పటికి వెళ్ళిపోతాయి. కాబట్టి నిషేధ కాలంలో ప్రభుత్వం ఇచ్చే భృతికి ఇది బదులని ఏ అధికారీ లెక్క వేయకూడదు. పడవ లేని, చదువు మధ్యలో ఆపేసిన కుర్రాళ్ళకి చలికాలంలో నాలుగు డబ్బులు వస్తాయి, అంతే. అది తక్కువేమీ కాదు.

ఇంకో చిన్న విన్నపం. శిక్షణ తెలుగులో జరగాలి. లకుముకి పిట్ట, నీటికాకి, గరుడ పక్షి, ఉల్లంకి పిట్ట అని మన పేర్లు ఉండగా, గైడు నోట ఇంగ్లీషు పేర్లే వింటే వెంట వచ్చిన పిల్లలకి ఆ పక్షులు మన ఊరివని ఎలా తెలుస్తుంది?

నవంబరుకల్లా పక్షులు మళ్ళీ దిగుతాయి. అప్పటికి భీమిలి నదీముఖం దగ్గర కార్డున్న గైడ్లు ఇద్దరినైనా పెట్టండి. తిన్నెకి ఎంత దూరంలో ఆగాలో చెప్పే బోర్డు ఒకటి, తెలుగులో, పాతించండి.

— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం