చిన్న కాలేజీ పిల్లలను కాదు, సీట్లు ఇచ్చినవారిని ప్రశ్నించండి

సంపాదకులకు నమస్కారం.

కంప్యూటర్ సైన్స్ డిగ్రీ చదువులపై గత వారం మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. చిన్న పట్టణాల కాలేజీల నుంచి వచ్చే పిల్లలకు ప్రోగ్రామింగ్ రాదని, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే తడబడుతున్నారని అందులో కంపెనీలవారు వాపోయారు. తడబడుతున్న మాట నిజమే. అయితే ఆ పిల్లలకు పాఠం ఎవరు చెప్పారు, ఏ యంత్రాల మీద నేర్పారు అన్న ప్రశ్న కథనంలో ఒక్కచోట కూడా లేదు. నేను ఇలాంటి ఊళ్లోనే డిగ్రీ విద్యార్థులకు గణితం చెప్పి పదవీ విరమణ చేశాను. చివరి సంవత్సరాల్లో నా ముందు కూర్చున్నవారిలో ఎక్కువమంది కంప్యూటర్ సైన్స్ పిల్లలే. వారి తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను, దయచేసి ప్రచురించండి.

ముందు ల్యాబ్ సంగతి. మా చుట్టుపక్కల కాలేజీల్లో సి అనే ప్రోగ్రామింగ్ భాషను ఇప్పటికీ టర్బో సి అనే పాత సాఫ్ట్‌వేర్ మీదే నేర్పుతున్నారు. బోర్లాండ్ సంస్థ దాన్ని విండోస్‌కు ముందు తరం వ్యవస్థ అయిన డాస్‌తో నడిచే యంత్రాల కోసం 1987లో విడుదల చేసింది. నేటి 64 బిట్ల విండోస్ దాన్ని నేరుగా నడపలేదు కాబట్టి పాత డాస్ యంత్రాన్ని అనుకరించే డాస్‌బాక్స్ పెట్టి మరీ నడిపిస్తున్నారు. అందులో పూర్ణ సంఖ్యను దాచే ‘ఇంట్’కు దక్కే చోటు రెండే బైట్లు. ఇరవై వేలకు ఇరవై వేలు కలిపితే వచ్చే సంఖ్య అందులో పట్టక తెర మీద మైనస్ 25,536 వస్తుంది. ఎందుకలా వచ్చిందో విడమరిచి చెప్పగలిగితే ఆ ఒక్క అంకెతోనే కంప్యూటర్ సంఖ్యలను ఎలా దాచుకుంటుందో పిల్లలకు జీవితాంతం గుర్తుండిపోతుంది. చెప్పేవారు లేరు. పిల్లలు ఆ అంకెను చూసి, చిన్న సంఖ్యలు వేసి, రికార్డులో సరైన జవాబు రాసుకుని వెళ్లిపోతారు. తర్వాత ఇంటర్వ్యూలో ‘ఇంట్’కు రెండు బైట్లని చెప్పి, నాలుగు కదా అని ఎదుటివారు అంటే నీళ్లు నములుతారు. టర్బో సి వచ్చిన 1987లోనే తొలిసారి విడుదలైన జీసీసీ అనే సి కంపైలర్ ఎప్పటికప్పుడు కొత్త ప్రమాణాలకు తగ్గట్టు మారుతూ నేటికీ ఉచితంగా దొరుకుతోంది. విండోస్ బదులు వాడుకోగల లైనక్స్ కూడా ఉచితమే. మార్చడానికి పైసా ఖర్చు లేని పనిని ఇన్నేళ్లుగా ఎవరూ ఎందుకు చేయలేదు? ప్రాక్టికల్ పరీక్షకు వచ్చే ఎగ్జామినర్లే టర్బో సిలో తెరను తుడిచే ‘క్లియర్ స్క్రీన్’ లైను లేదని మార్కులు తగ్గిస్తుంటే ఏ లెక్చరర్ మారుస్తాడు?

రికార్డు పుస్తకాల గురించి కూడా చెప్పాలి. ముందు సంవత్సరం సీనియర్ రాసినదాన్ని చూసి అందమైన చేతిరాతతో మళ్లీ ఎక్కిస్తారు. ప్రోగ్రామ్ నడిచిందా లేదా అని కాదు, మార్జిన్ గీశారా లేదా అని చూస్తారు. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు అమీర్‌పేటలో డబ్బిస్తే రిపోర్టుతో సహా దొరుకుతుందని అందరికీ తెలుసు, విశ్వవిద్యాలయాలకు కూడా తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. ఆలోచన మంచిదే. కానీ మా ఊళ్లో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎక్కడుంది? పిల్లలు ఆన్‌లైన్‌లో రుసుము కట్టి సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నారు.

ఒకప్పుడు ఎంపీసీఎస్ చదివిన పిల్లవాడు గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ మూడూ సమానంగా చదివేవాడు. 2023-24లో ఒకే మేజర్, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి తెచ్చారు. దాంతో గణితం లోతుగా చదవాలంటే మైనర్‌గా, అంటే రెండో సబ్జెక్టుగా ఎంచుకోవాల్సి వచ్చింది. చిన్న కాలేజీలో ఎంచుకోవడానికి ఆ మైనర్ ఉండాలి కదా! సమితులు, తర్కం, గ్రాఫులు రాకుండా అల్గారిథమ్ ఎలా అర్థమవుతుంది? ఇది నా సబ్జెక్టు మీద మమకారంతో అంటున్న మాట కాదు.

అధికారులకు సీట్ల లెక్క తప్ప మరో లెక్క పట్టదు. సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర మండలి ఏఐసీటీఈ 2024-25 నుంచి ఇంజనీరింగ్ బ్రాంచిలలో సీట్లపై గరిష్ఠ పరిమితిని ఎత్తేసింది. అడిగిన కాలేజీలన్నీ కంప్యూటర్ సైన్స్ సీట్లే అడిగాయి. సివిల్, మెకానికల్ విభాగాల గదులు ఖాళీ అయ్యాయి. అంతకుముందే అధ్యాపకుల నిష్పత్తిని పదిహేను మంది విద్యార్థులకు ఒకరి నుంచి ఇరవై మందికి ఒకరికి సడలించారు. ఆ ఒక్కరైనా నిజంగా ఉన్నారా అని ఎవరు చూస్తారు? తమిళనాడులో అన్నా విశ్వవిద్యాలయం అనుబంధ కాలేజీల్లో ఒకే అధ్యాపకుడి పేరు అనేక కాలేజీల జాబితాల్లో ఉన్నట్టు 2024లో బయటపడింది. మన దగ్గర అలాంటి తనిఖీ చేయడానికి భయమెందుకు? ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ఖాళీలు భర్తీ చేయకుండా గంటల లెక్కన చెల్లించే అతిథి అధ్యాపకులతో నెట్టుకొస్తున్నారు. ప్రైవేటు కాలేజీల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని లెక్చరర్లకు జీతాలు ఆపుతున్నారు. కాస్త పని వచ్చినవాడు సెమిస్టర్ మధ్యలోనే హైదరాబాద్ బస్సెక్కుతున్నాడు. ఐఐటీల అధ్యాపకులు చెప్పే ఎన్‌పీటెల్ వీడియో పాఠాలు ఉచితంగా ఉన్నాయి కదా, చూసుకోమంటారు పెద్దలు. ఆ పాఠాలు గొప్పవే. కానీ ఇంటర్ వరకు తెలుగులో చదివిన అమ్మాయికి సి భాషలో పాయింటర్ అనే కష్టమైన పాఠం దగ్గర వచ్చిన అనుమానాన్ని వీడియో తీర్చదు. పక్కన నిలబడి ఆమె రాసిన లైనునే చూపించి చెప్పే మనిషి కావాలి.

నిజానికి ఈ శాస్త్రాన్ని చిన్న కాలేజీలోనే బాగా చెప్పవచ్చు. రసాయనశాస్త్రంలా ఏటా ఆమ్లాలు కొననక్కర్లేదు, ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. సెక్షన్‌కు నలభై మంది ఉంటే ప్రతి విద్యార్థి ఎక్కడ ఆగిపోతున్నాడో లెక్చరర్‌కు తెలుస్తుంది. రెండు వందల మందిని కూర్చోబెట్టే పెద్ద కాలేజీల్లో ఆ అవకాశం లేదు. అందుకే చిన్న కాలేజీలను మూసేయాలి, కలిపేయాలి అన్న మాట వింటే నాకు కోపం వస్తుంది.

ఉన్నత విద్యామండళ్లను నేను అడిగేది ఇంతే. వెబ్ ఆప్షన్లు పెట్టుకునే చోట ప్రతి కాలేజీ పేరు పక్కన సీట్లతో పాటు కంప్యూటర్ సైన్స్‌లో పనిచేస్తున్న శాశ్వత అధ్యాపకుల సంఖ్య, వారి అర్హతలు చూపించాలి. వచ్చే సెమిస్టర్ ప్రాక్టికల్స్ నుంచి టర్బో సి వాడకూడదని విశ్వవిద్యాలయాలు సర్క్యులర్ ఇవ్వాలి. పోటీ పరీక్షల కోసం ల్యాబులను అద్దెకిచ్చిన రోజుల్లో పిల్లలు నష్టపోయిన తరగతులు తిరిగి పెట్టించాలి. కాలేజీ అయ్యాక సాయంత్రం ఆరు వరకు ల్యాబ్ తెరిచి ఉంచాలి. అద్దె గదుల్లో ఉండే పిల్లలకు సొంత ల్యాప్‌టాప్ లేదు, రోజంతా తాళం వేసి ఉన్న ల్యాబే వారికి దిక్కు.

- విశ్రాంత గణిత అధ్యాపకుడు, మార్కాపురం