నలభై దాటిన కార్మికుడికి ఒక్క ఎక్స్‌రే చాలదు

సంపాదకుడు గారికి,

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్ల (కొత్త కార్మిక చట్టాల) ప్రకారం, నలభై ఏళ్లు దాటిన కార్మికులకు యజమాని ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయించాలి. మంచిదే. గనుల్లో పాత నిబంధనల ప్రకారం అయిదేళ్లకు ఒకసారి చేస్తే సరిపోయేది. కాంట్రాక్టు మనుషుల విషయంలో అది కూడా కాగితాల మీదే ఉండేదని ఇక్కడ ఎవరిని అడిగినా చెబుతారు. ఇప్పుడు నేను అడిగేది ఒక్కటే. ఏటా జరిగే ఆ పరీక్షలో ఏం చూస్తారు?

మహారాష్ట్రలోని మా చంద్రపూర్ జిల్లా సంగతి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. బల్లార్షా, రాజురా, ఘుగ్గుస్ చుట్టూ బొగ్గు గనులు, గడ్‌చాందూర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, చంద్రపూర్ పక్కనే 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉన్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ కట్టినప్పుడు చంద్రపూర్‌కు వందకు 83.88 వచ్చింది. అప్పట్లో దేశంలో నాలుగో స్థానం. కరీంనగర్, ఆదిలాబాద్ నుంచి తాతల కాలంలో బాయి పనికి, అంటే గని పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉంటాయి. వాళ్ల మనవళ్లలో చాలామంది ఇప్పుడు కంపెనీ పేరోల్ మీద లేరు, కాంట్రాక్టరు కింద ఉన్నారు.

నేను బల్లార్షాలో ఒక ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేస్తుంటాను. డాక్టరును కాను. చీటీ పట్టుకుని వచ్చే మనుషుల్ని, ఆ చీటీల మీద రాసినదాన్ని మాత్రం రోజూ చూస్తుంటాను. కార్మికుల వైద్య శిబిరాల్లో ఇప్పుడు జరిగేది దాదాపు ఒకటే పద్ధతి. బరువు, బీపీ చూస్తారు, వేలికి ఆక్సీమీటరు పెడతారు, వీలుంటే ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఆయాసం అంటే ఊపిరితిత్తుల గొడవ, ఊపిరితిత్తులంటే ఎక్స్‌రే. అంతటితో లెక్క తేలిపోయినట్టే.

కొంతకాలం కిందట సిమెంటు బస్తాలు మోసే హమాలీ ఒకాయన వచ్చాడు. రెండు బస్తాలు లారీ ఎక్కించేసరికి దమ్ము పట్టేస్తోందట. శిబిరంలో ఆక్సీమీటరు 97 చూపించింది, ఎక్స్‌రేలో ఏమీ లేదు. "నీకేం లేదు, బీడీలు మానెయ్" అని పంపేశారు. "నేను బీడీ ముట్టనే ముట్టను సార్" అని నాతో మొత్తుకున్నాడు. చూస్తే 100 మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ 6.8 గ్రాములే ఉంది. మగవాళ్లకు కనీసం 13 ఉండాలి.

మరి ఆ 97 తప్పా అంటే తప్పు కాదు. మన రక్తంలో ఆక్సిజన్ దాదాపు మొత్తం ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్ మీదే ప్రయాణం చేస్తుంది. ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండిందో ఆక్సీమీటరు చెబుతుంది. లారీలు నిండుగా పోతున్నాయా అన్నది దానికి తెలుసు, లారీలు ఎన్ని ఉన్నాయన్నది తెలియదు. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. 15 గ్రాములున్న మనిషికి ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో దాదాపు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. మా హమాలీకి తొమ్మిది కూడా లేదు. ఆ లోటు పూడ్చడానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి వేగం అందుకుంటుంది. ఊపిరితిత్తుల్లో ఏ లోపమూ లేకుండానే మనిషి రొప్పుతాడు. ఇరవై నిమిషాల్లో తేలిపోయే పరీక్ష అది, శిబిరంలో చేయలేదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల వయసువారిలో ఆడవాళ్లలో 57 శాతానికి, మగవాళ్లలో 25 శాతానికి రక్తహీనత ఉంది. ఇది విదర్భ కాబట్టి తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త జబ్బు సికిల్ సెల్ సంగతి కూడా చెప్పుకోవాలి. చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల్లో అది ఆదివాసీల్లోనూ ఉంది, ఇతర కులాల్లోనూ ఉంది. ఆ జబ్బున్నవాళ్లలో ఆక్సిజన్ తగ్గిన చోట ఎర్రకణం కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఊపిరితిత్తుల్లోనే ఇరుక్కుంటే ఛాతీ నొప్పి, జ్వరం, ఆయాసం కలిసి వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. 2023 జులై 1న మొదలైన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ నలభై ఏళ్లలోపు వాళ్లను పరీక్షిస్తుంది. కార్మిక కోడ్ నలభై దాటినవాళ్లను చూడమంటుంది. ముప్పై అయిదేళ్ల బొగ్గు కార్మికుడి దుమ్ము ఒకరికి పట్టదు, యాభై ఏళ్ల వాడి రక్తం ఇంకొకరికి పట్టదు. ఈ రెండు జాబితాలను కలిపి చూసే బల్ల ప్రభుత్వంలో ఎక్కడుందో మరి.

ఇక గుండె. ఊపిరితిత్తుల్లో ఒక భాగానికి గాలి సరిగా చేరకపోతే అక్కడి రక్తనాళాలు ముడుచుకుని, గాలి బాగా ఆడే చోటికి రక్తాన్ని మళ్లిస్తాయి. చిన్న భాగానికైతే అద్భుతమైన ఏర్పాటే. ఏళ్ల తరబడి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చాలామేర పాడైతే మాత్రం అన్నిచోట్లా నాళాలు ముడుచుకుంటాయి. నిమిషానికి అయిదు లీటర్ల రక్తాన్ని ఆ ఇరుకు దారుల్లోంచి నెట్టాల్సిన గుండె కుడిభాగం మొదట మందమవుతుంది, తర్వాత అలసిపోతుంది. అప్పుడు కాళ్లు వాస్తాయి, కాలేయం ఉబ్బుతుంది. ఆ దశలో మనిషి కాళ్లవాపు అని ఒక డాక్టరు దగ్గరికి, దగ్గు అని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తాడు. ఒకరు నీరు తగ్గే గోలీ రాస్తారు, ఒకరు ఇన్హేలర్ రాస్తారు. ఇద్దరి చీటీలూ ఒకేసారి చూసేది మెడికల్ షాపు కుర్రాడే.

ఊపిరితిత్తులు తమంతట తాము సాగలేవు. కింద ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే ఉదరవితానం అనే కండరం, పక్కటెముకల మధ్య కండరాలు లాగితేనే గాలి లోపలికి వస్తుంది. మామూలు మనిషికి ఈ శ్రమ తెలియను కూడా తెలియదు. గాలి గొట్టాలు ఇరుకైనవాడికి మాత్రం ఊపిరి తీయడమే ఒక కూలి పని. కడుపు నిండా తింటే పొట్ట పైకి నెట్టి ఉదరవితానం కదలదు కాబట్టి తిండి తగ్గించేస్తాడు. చిక్కిపోతాడు, ఊపిరి తీసే కండరాలు కూడా చిక్కుతాయి. ఇంట్లోవాళ్లు షుగరేమో, టీబీ ఏమో అని టెన్షన్ పడతారు. టీబీ అనుమానం ఊరికే వచ్చేది కాదు. ఇసుకరాయి దుమ్ము, అంటే సిలికా, ఊపిరితిత్తుల్లో చెత్త ఏరేసే కణాలనే చంపేస్తుంది. అందుకే ఆ దుమ్ముతో వచ్చే సిలికోసిస్ జబ్బు ఉన్నవాళ్లకు క్షయ తొందరగా అంటుకుంటుంది.

ఇంకో మాట, ఇది మా ఎండల వల్ల. చంద్రపూర్‌లో మే నెలలో 46 డిగ్రీలు వింతేమీ కాదు. ఒళ్లునొప్పులకు రోజూ నొప్పి గోలీలు మింగుతూ, నీళ్లు చాలక పనిచేసేవాళ్ల కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఎర్రకణాలు తయారు చేయమని ఎముక మూలుగకు కబురు పెట్టే హార్మోన్ ముఖ్యంగా కిడ్నీల నుంచే రావాలి. కిడ్నీ చెడితే రక్తం తగ్గుతుంది, రక్తం తగ్గితే మళ్లీ ఆయాసమే. ఇది కూడా ఎక్స్‌రేలో కనబడదు.

ఎక్స్‌రే వద్దనడం లేదు. దుమ్ము జబ్బు మచ్చలు చూపించేది అదే. దానికి తోడు ఊపిరి ఎంత బలంగా, ఎంత వేగంగా వదలగలుగుతున్నారో కొలిచే స్పైరోమెట్రీ, హిమోగ్లోబిన్, ఒకసారి సికిల్ సెల్ పరీక్ష, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, ఈసీజీ కూడా చేయాలి. ఆరు నిమిషాల నడక పరీక్షకైతే ముప్పై మీటర్ల వరండా, ఒక గడియారం, అదే ఆక్సీమీటరు చాలు. కూర్చున్నప్పుడు 97 ఉన్నది నడిచాక 88కి పడిపోతే, కుర్చీలో కూర్చోబెట్టి చూసినప్పుడు దొరకని జబ్బు అక్కడ దొరుకుతుంది. ఖర్చు అంటారేమో. మా ల్యాబ్‌లో హిమోగ్లోబిన్ పరీక్షకయ్యేది రెండు పూటల చాయ్ డబ్బులు.

ఫలితాల కాగితం కార్మికుడి చేతికే ఇవ్వాలి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా పాత రికార్డు మాయమవుతోంది. నిరుడు ఊపిరి ఎంత వదిలాడో తెలియకపోతే ఈ ఏడు ఎంత తగ్గిందో చెప్పేదెలా? జిల్లా యంత్రాంగం, కార్మిక శాఖ కలిసి ఏటా చేయాల్సిన పరీక్షల పట్టికను ముందే ప్రకటించి, అది చేయించని కాంట్రాక్టరుకు బిల్లు ఆపితే పని జరుగుతుంది.

మీ పత్రికకు ఒక విన్నపం. "ఉచిత వైద్య శిబిరానికి విశేష స్పందన" అని వార్త వేసినప్పుడు ఎంతమంది వచ్చారన్నదానితో పాటు ఏయే పరీక్షలు చేశారో, వాటి కాగితం ఎవరి చేతికి ఇచ్చారో కూడా అడిగి రాయమని మీ విలేకరులకు చెప్పండి.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
బల్లార్షా, చంద్రపూర్ జిల్లా